ఆఖరి మనిషికి వచ్చేదాకా

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు కాంతం పొయ్యిలోంచి కొబ్బరిచిప్పల నిప్పులు పటకారుతో బయటికి లాగి, వాటి మీద నీళ్లు చిలకరించింది. పొగ తగ్గాక చూస్తే వంటింటి గుమ్మంలో హెలెన్ నిలబడి ఉంది. చేతిలో బాదం ఆకు పట్టుకుంది.

"కాంతం, బొగ్గు ఇస్తావా? గుప్పెడు చాలు. బడికి."

"నీకెందుకు బొగ్గు? పిల్లలు గదా తేవాల."

"అందరూ తెస్తున్నారు. నేను ఖాళీ చేతులతో వెళ్లాలా?"

కాంతం నవ్వి, బాగా కాలిన ముక్కలు ఏరి, చల్లారాయో లేదో వేలితో చూసి ఆకులో పెట్టింది. వాటిని కొంగుతో ఒకసారి తుడిచింది కూడా. హెలెన్ ఆకు మడిచి సైకిలు బుట్టలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇది 1968లో, దసరా సెలవులు అయిన తరవాతి శనివారం. పూండి స్టేషనుకు తూర్పున మూడు మైళ్ల దూరంలో, కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న తాళ్లదిబ్బకు హెలెన్ ప్రైస్ వచ్చి అప్పటికి వారమయింది. ఆమెది వేల్స్ దేశపు తీరంలో ఒక చిన్న ఊరు. వయసు ఇరవై రెండు. పరాయి దేశాల బళ్లలో ఇంగ్లీషు చెప్పే మాస్టర్లకు సాయంగా కుర్రవాళ్లను పంపే ఒక స్వచ్ఛంద సంఘం ముందు కొన్నాళ్లు తెలుగు నేర్పించి, ఆమెను ఏడాదికి పంపింది. జీతం లేదు. బంగారమ్మ ఇంటి వీధిగది, రెండు పూటలా భోజనం ఏర్పాటు చేశారు. బంగారమ్మ కొడుకు తవిటయ్య పలాసలో జీడిపప్పు మిల్లులో పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవాడు. ఇల్లంతా కోడలు కాంతం చేతుల మీదే నడిచేది.

హెలెన్ ఇంతకు ముందు నర్సు చదువు సగంలో మానేసింది. తరవాత ఒక పుస్తకాల షాపులో చేరి, అదీ మానేసింది. ఓడ ఎక్కే ముందు వాళ్ల అమ్మ ఆమెను ఒకే మాట అడిగింది: దీన్నయినా చివరిదాకా చేస్తావా అని. ఆ మాట ఆమెతో పాటు తాళ్లదిబ్బ దాకా వచ్చింది. సాయంత్రాలు ఆమె ఊరికే కూర్చోలేకపోయేది. సైకిలు తొక్కుకుంటూ పూండి వెళ్లి, అక్కడ ఆగని మెయిలు దడదడలాడుతూ పోవడం చూసి తిరిగి వచ్చేది. "ఈ పిల్ల కాలు ఒక్క సోట నిలవదు," అనేది బంగారమ్మ. వంటింటికీ నూతికీ మధ్య రోజంతా తిరిగే కోడలి కాళ్ల గురించి ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఆ తీరపు బళ్లలో బోర్డులకు ఒక పద్ధతి ఉంది. కొత్త బోర్డు వచ్చినప్పుడు క్లాసులో ప్రతి పిల్లా, పిల్లవాడూ తన ఇంటి పొయ్యిలోంచి తన చేత్తో తీసిన బొగ్గు తెస్తారు. అందరిదీ కలిపి దంచి, గుంటగలగరాకు రసంతో నూరి, కొబ్బరిపీచుతో చెక్కకు పూస్తారు. ఆరాక దాని మీద రాసింది తడిగుడ్డ పెట్టినా పోదు. ఎవరెవరి బొగ్గు అందులో ఉందో వాళ్లందరికీ, ఆఖరి మనిషితో సహా, ఆ పాఠం వచ్చేదాకా అలాగే ఉంటుంది. వచ్చిన మరునాడు పొద్దుటికి అక్షరాలు వాటంతట అవే రాలి, సుద్దపొడి చట్రం మీద పడి ఉంటుంది. అందుకే అక్కడి మాస్టర్లు పొదుపుగా రాస్తారు. రోజుకో లెక్క, ఒక వాక్యం. మాస్టర్లు బొగ్గు తేరు. వాళ్లకు పాఠం ముందే వచ్చు కాబట్టి ఆ అవసరం లేదు.

హెలెన్ బాదం ఆకు విప్పినప్పుడు హెడ్మాస్టరు కాశీవిశ్వనాథం గారు చూశారు. దేశం కాని దేశం నుంచి వచ్చిన పిల్ల, సరదా పడి తెచ్చింది, వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది అనుకుని ఊరుకున్నారు. ఆ బొగ్గు ఎవరి చేతిదని అడగడం ఆయనకు తోచలేదు. తొమ్మిదో క్లాసు ఇంగ్లీషు కోసం వేసిన కొత్త పాకలో, కొత్త బోర్డుకు ఆ పూట పూత పడింది.

సోమవారం హెలెన్ తన మొదటి పాఠం రాసింది. బోర్డు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎనిమిది వాక్యాలు నింపేసింది. మా ఊరు సముద్రం ఒడ్డున ఉంది, మా అమ్మకు చిన్న దుకాణం ఉంది, అక్కడ ఏడాదంతా వాన పడుతుంది, ఇలాంటివి. కిటికీలోంచి చూసి కాశీవిశ్వనాథం గారు నుదురు కొట్టుకున్నారు గాని, రాసేశాక చేసేదేమీ లేదు.

పదిరోజుల్లో పిల్లలకు ఎనిమిదీ వచ్చేశాయి. బోర్డు మాత్రం కదల్లేదు. మరో వారం గడిచింది. రాయడానికి చోటు లేక హెలెన్ అన్నీ నోటితోనే చెప్పసాగింది. పిల్లలు ఆ ఎనిమిది వాక్యాలూ జీడితోటల్లో పాటలా పాడుకుంటూ తిరిగారు. చేపలవాళ్ల బైరాగి మీద అందరికీ అనుమానం. వాడు వారంలో మూడు రోజులు తండ్రితో పడవ మీద ఉంటాడు. కాశీవిశ్వనాథం గారు వాణ్ని నిలబెట్టి అడిగారు. బైరాగి కళ్లు మూసుకుని మొత్తం అప్పజెప్పి, అర్థం కూడా చెప్పి, "ఇంకేటైనా సెప్పాలా, మేస్టారూ?" అన్నాడు. మరునాడు పొద్దున బోర్డు నిండుగానే ఉంది.

నవంబరు మొదట్లో శ్రీకాకుళం నుంచి కబురు వచ్చింది. విద్యాశాఖ అధికారి ఢిల్లీశ్వరరావు గారు ఆ నెల మూడో గురువారం వస్తారు. తాళ్లదిబ్బ లాంటి ఊరికి విదేశీ సహాయకురాలు అవసరమా కాదా అన్నది చూసి తేలుస్తారు. క్లాసు మొదటి పాఠం దాటకపోతే హెలెన్‌ని విశాఖపట్నంలో ఏదో బడికి మారుస్తారని కాశీవిశ్వనాథం గారు దాచకుండా చెప్పారు.

"అక్కడ మీ వాళ్లు నలుగురు ఉన్నారటమ్మా. మీకూ తోచుబాటుగా ఉంటుంది."

"నేను ఇక్కడ ఏడాది ఉంటానని చెప్పి వచ్చానండి," అంది హెలెన్.

ఆ వారమంతా ఆమె సాయంత్రాలు స్టేషనుకు కూడా వెళ్లలేదు. వీధరుగు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ ఉండేది.

అలా ఒక బుధవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, అకాలపు వాన పట్టుకుంది. కాంతం అరుగు మీద ఎండబెట్టిన కొబ్బరి తట్టల్లోకి ఎత్తుతూ, "మీ ఊర్లో కూడా వోన పడతాదా ఎలెనమ్మా?" అంది.

హెలెన్ అలవాటుగా పాఠంలోని మూడో వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. కాంతం తల ఎత్తింది.

"ఈ మాట పిల్లలు పాడతన్నారు. ఏటది?"

"మా ఊళ్లో ఏడాదంతా వాన పడుతుంది."

"ఏడాదంతానా? మరి కొబ్బరెలాగ ఎండబెడతారు?"

"కొబ్బరి లేదు."

"అదీ, అలగ సెప్పు." కాంతం ఆ వాక్యాన్ని రెండు మూడు సార్లు తనలో తాను అనుకుంది. హెలెన్ నేల మీద వేలితో ఆ మాటలు రాసి చూపిస్తే కాంతం ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివింది. మూడో తరగతి దాకా చదివిన మనిషి, ఇంగ్లీషు అక్షరాలు కూడా అక్కడే దిద్దింది. తట్ట చంకన పెట్టుకుని లోపలికి పోతూ కూడా ఆ వాక్యమే గొణుక్కుంది.

గురువారం పొద్దున పాక తలుపు తీస్తే బోర్డు మీద మూడో వాక్యం లేదు. పైన రెండు, కింద ఐదు అలాగే ఉన్నాయి. నడుమ నల్లగా, ఖాళీగా ఉంది. చట్రం మీద కాస్త సుద్దపొడి ఉంది.

హెలెన్ తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్లి చెప్పింది. ఆయన కళ్లజోడు తీశారు.

"ఆ రోజు బొగ్గు పొయ్యిలోంచి మీరు తీశారా?"

"కాంతం తీసి ఇచ్చింది."

"అదీ సంగతి. అయితే మన క్లాసులో ఆవిడ కూడా ఉన్నట్టే." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "దీనికో మార్గం ఉంది. గాజుపెంకుతో బోర్డు గీకేసి, పిల్లల చేత మళ్లీ బొగ్గు తెప్పించి పూయిద్దాం. కాకపోతే గీకినప్పుడు దాని మీద నేర్చుకున్నది కూడా మనుషుల్లోంచి పోతుంది. ఎనిమిది వాక్యాలే కదా, పిల్లలు మళ్లీ నేర్చుకుంటారు."

"కాంతం?"

"కాంతం క్లాసులో ఉండదు కదమ్మా అప్పుడు."

అప్పుడు ఒప్పుకుంటే హెలెన్ పని తేలికయ్యేది. ఆమె కిటికీ దాకా నడిచి, మళ్లీ బల్ల దాకా వచ్చి, అధికారి వచ్చే ముందు రోజు వరకూ గడువు అడిగింది. ఆయన లెక్క చూసుకున్నారు. వారం కన్నా ఎక్కువ లేదు. బుధవారం సాయంత్రానికి తేలకపోతే గురువారం పొద్దున్నే, అధికారి పాసింజరు దిగే లోపల గీకించేస్తానన్నారు.

ఇంట్లో బంగారమ్మ అడ్డుపడింది. వరికోతలు మొదలయ్యాయి.

"దీనికి ఇంగ్లీసెందుకమ్మా? కోతకొచ్చినోళ్లకి సోడంబలి ఎవులు కాస్తారు, నువ్వు కాస్తావా?"

"కాస్తాను. నేర్పితే."

"నీ అంబలి తాగితే కోత సగంలో ఆగిపోద్ది. ఒలే కాంతం, నువ్వేటంటావే?"

కాంతం చెంబు తోముతోంది. తల ఎత్తకుండా అంది. "నాను పని మానీనేదు గదత్తా. పనిసేత్తా సెప్పించుకుంటాను. ఆ బోర్డు గీకీసినారంటే మొన్న నాకొచ్చింది కూడా పోద్దంట. వొచ్చింది పోడం నాకిట్టం నేదు."

కోడలు తనకు ఇష్టం లేదని అనడం బంగారమ్మ ఆ ఇంట్లో మొదటిసారి విన్నది. దూడను కట్టడానికి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి పాఠం కాంతం వెంట తిరిగింది. నూతి దగ్గర ఒక వాక్యం, పాలు పితికేటప్పుడు ఒక వాక్యం. హెలెన్ బడిలో ఉన్నప్పుడు పిల్లలు వంతులు వేసుకున్నారు. బోర్డు కదలాలని వాళ్లకూ ఆత్రంగా ఉంది. అదే ఎనిమిది వాక్యాలు విని విని విసిగిపోయారు. బైరాగి నీళ్ల బిందె తను మోస్తూ, పక్కన నడుస్తున్న కాంతం చేత దుకాణం వాక్యం చెప్పించాడు. "అలగ కాదు పిన్నీ, నాలిక కొంచెం లోపలికి పెట్టు," అని సరిదిద్దాడు. "ఉండరా, నీకు నేర్పినోళ్లకే నాను నేర్పుతాను ఒకనాటికి," అంది కాంతం. రోజూ పొద్దున్నే పాక తలుపు తీసి చూడడం ఊరికి ఒక పని అయింది. శనివారం ఒకటి పోయింది. ఆదివారం తవిటయ్య ఇంట్లో ఉన్నాడు, మరునాడు ఏదీ పోలేదు. మంగళవారం మూడు పోయాయి. బుధవారం పొద్దుటికి ఒకే ఒక్క వాక్యం మిగిలింది.

అది ఎనిమిదోది. చలికాలంలో మా ఊళ్లో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది.

కాంతం దాన్ని చదివింది. చూడకుండా రాసింది. అర్థం అడిగితే చెప్పింది. ఆ రాత్రికి అది పోవాలి. గురువారం పొద్దున ఆరు గంటలకు హెలెన్ పాక తలుపు తీస్తే ఇంకా అక్కడే ఉంది.

ఏడున్నరకు కాశీవిశ్వనాథం గారు పగిలిన లాంతరు చిమ్నీ ముక్క కాగితంలో చుట్టి తెచ్చుకున్నారు. పిల్లలందరూ కొత్త బొగ్గు పట్టుకుని గోడ వారగా నిలబడ్డారు. ఆయన పంచె ఎగ్గట్టి ముక్క చేతిలోకి తీసుకున్నారు. అంతలో తోటల్లోంచి జీపు చప్పుడు వినిపించింది. అధికారి పాసింజరు కోసం ఆగలేదు. మెయిల్లో పలాస వెళ్లి, అక్కడ ఎవరి జీపో ఎక్కి రెండు గంటల ముందే వచ్చేశారు.

ఢిల్లీశ్వరరావు గారు లావుపాటి మనిషి. చిన్న గొంతుతో మాట్లాడేవారు. పాకలోకి వంగి వచ్చి బోర్డు చూశారు, గోడవార పిల్లల చేతుల్లో బొగ్గు చూశారు, హెడ్మాస్టరు వెనక్కి పెట్టుకున్న చెయ్యి చూశారు.

"గీకుతున్నారా?"

"ఇంకా లేదండి."

"ఎవరు మిగిలారు?"

కాశీవిశ్వనాథం గారు బొగ్గు సంగతి మొదటి నుంచీ చెప్పారు. అధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సరే, పిలిపించండి ఆవిడని."

కాంతం అప్పటికే పొలం గట్టు మీద ఉంది. బైరాగి పరుగెత్తి పిలుచుకొచ్చాడు. ఆమె నెత్తిన అంబలి కుండతోనే వచ్చింది. వెనకాలే బంగారమ్మ, "కోతోళ్లు ఆకలికి సత్తన్నారు బాబూ, బేగి వొగ్గీండి," అంటూ వచ్చింది. కాంతం కుండ దించి, ముఖం తుడుచుకుని, బోర్డు మీద వాక్యం తడబడకుండా చదివింది. అర్థం చెప్పింది. అందరూ బోర్డు వైపు చూశారు. అక్షరాలు ఉన్నచోటే ఉన్నాయి.

"వచ్చేసింది కదమ్మా నీకు. మరి ఎందుకు పోదు?" అన్నారు అధికారి.

కాంతం కాలి బొటనవేలితో నేల మీద గీసింది.

"సెప్పమంటే సెప్తన్నాను బాబూ. కానీ నాలుగ్గంటలకి సీకటెలాగ పడతాది? నాలుక్కి ఇంకా నాను వొడ్లు ఎండలోంచి ఎత్తనే ఎత్తను. ఎలెనమ్మ మంచిదే. కానీ ఇది మాత్రం అబద్ధమాడతంది."

పిల్లలు పక్కకు తిరిగి నవ్వారు. టీచరు రాసింది కాబట్టి నిజమనుకున్నారు వాళ్లంతా. నమ్మాలా వద్దా అన్న ఆలోచన వాళ్లలో ఒక్కరికీ రాలేదు. హెలెన్ ముఖం ఎర్రబడింది. సూర్యుడు అక్కడ కిందుగా తిరుగుతాడని చెప్పింది. బైరాగి చేత బంతి తెప్పించి తిప్పి చూపించింది. కాంతం మర్యాదగా విన్నది. బోర్డు కదల్లేదు. అధికారి గడియారం చూసుకున్నారు. కాశీవిశ్వనాథం గారు గాజుపెంకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. విశాఖపట్నం వెళ్లే రైలు ఎన్నింటికో హెలెన్‌కు కంఠతా వచ్చు. అది ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

కాంతమే అడిగింది చివరికి. "సరే, మీ ఊర్లో ఆవులున్నాయా?"

"ఉన్నాయి. మా మావయ్యకు ఉన్నాయి."

"సలికాలంలో ఎన్నిగంటలకి తోలుకొత్తాడు ఇంటికి?"

"మూడున్నరకు. లేకపోతే కొండ మీద కనపడవు. లాంతరు పట్టుకుని వెతకాలి. చిన్నప్పుడు నేనే వెతికాను, ఏడుస్తూ."

"మూడున్నరకా." కాంతం అత్త వైపు చూసింది. బంగారమ్మ కూడా ఆ లెక్క ఆలోచిస్తోంది. "మేత ఇడిసి ఆవులు ఊరికే రావు గదత్తా."

"రావు," అంది బంగారమ్మ.

"అయితే పడతాది."

ఈసారి మరునాటి దాకా ఆగలేదు. బోర్డు మీద చివరి నుంచి మొదటికి ఒక్కొక్క అక్షరమే రాలి, చట్రం మీద పడింది. ఢిల్లీశ్వరరావు గారు మోకాలి మీద పడ్డ సుద్దపొడి దులుపుకుని లేచారు. కొబ్బరిబొండం తాగారు, జీపు ఎక్కారు. బాగుందని గాని, లేదని గాని అనలేదు. కాంతం కుండ ఎత్తుకుని పొలానికి వెళ్లిపోయింది. ఆ రోజు అంబలి ఆలస్యమయిందని కోతవాళ్లు గొణిగితే బంగారమ్మ, "గవర్నమెంటు పని, ఏటి సేత్తాం," అంది.

హెలెన్ ఆ మధ్యాహ్నం బోర్డు మీద ఒకే వాక్యం, సన్నగా, పైమూలకు రాసింది. తరవాతి రోజుల్లో ఆమె సైకిలు గోడకు ఆనించే ఉంది. అరుగు మీద కూర్చుని కాంతంతో కలిసి కొబ్బరి ఒలిచింది. ఏప్రిల్ దాకా ఏ వారం ఏం చెప్పాలో ఆలోచించుకుంది.

డిసెంబరు మొదటి వారంలో ఉత్తర్వు వచ్చింది. తాళ్లదిబ్బ బోర్డును వేసవి సెలవుల దాకా గీకడం గాని, తిరిగి పూయడం గాని చెయ్యకూడదు. నౌపడ అవతల, ఉప్పుమళ్ల పక్కన ఉన్న ఒక బడిలో బోర్డు రెండేళ్లుగా కదలలేదు కనక, ఆగిన బోర్డును కదిలించిన సహాయకురాలిని వెంటనే అక్కడికి పంపాలి.

హెలెన్ రెండోసారి చదవమంటే కాశీవిశ్వనాథం గారు దాన్ని మళ్లీ చదివారు. ఆ సాయంత్రం ఆమె పూండి దాకా వెళ్లి, రైలు చూడకుండానే తిరిగి వచ్చింది.

కాంతం పెట్టె కట్టడానికి సాయం చేసింది. "బోర్డు గీకకూడదంటే, రోజూ పాఠం నాకు కూడా రావాల గదా," అంది మధ్యలో.

"రావాలి. లేకపోతే క్లాసు ఆగిపోతుంది."

"మేస్టరు బాబు ఎనక బెంచీలో కూకోమన్నాడు. అంబలి పోసీసొచ్చి కూకుంటాను. అత్త ఏటీ అన్నేదు. మా ఆయనొచ్చినప్పుడు ఏటంటాడో." పెట్టె మూత నొక్కి పట్టుకుని అంది. "నువ్వుంటావనుకున్నాను."

"నేనూ అనుకున్నాను."

నౌపడ దగ్గరి బడిలో హెలెన్ మొదటి నాలుగు రోజులూ బోర్డు మీద ఏమీ రాయలేదు. రాయడానికి చోటు లేదు. ఎవరి బొగ్గు అందులో ఉందో ఉప్పుమళ్ల గట్లమీద ఇంటింటికీ తిరిగి అడిగింది. కొందరు ఆమె భాషకు నవ్వారు, కొందరు కూర్చోమన్నారు.

రెండో శనివారం సాయంత్రం ఆమె నౌపడ జంక్షన్లో అరటిపళ్లు కొంటుంటే కాశీవిశ్వనాథం గారు కనిపించారు. వారానికోసారి టెక్కలి ఇంటికి వెళ్లేందుకు ఆయన అక్కడ దిగి చిన్నబండికి, న్యారోగేజి రైలుకు, మారతారు. ఆమె ముందు అడిగింది బోర్డు గురించే.

ఏ రోజు రాసింది ఆ మరునాటి పొద్దుటికే రాలిపోతోందని ఆయన చెప్పారు. అలాంటి క్లాసు తన సర్వీసులో చూడలేదన్నారు.

"ఆఖరున ఎవరు మిగులుతున్నారు?"

"రోజుకొకరు. మొన్న బైరాగి, నిన్న కరణంగారి అబ్బాయి." చిన్నబండి కూత వేసింది. ఆయన సంచీ అందుకుని, మెట్టు మీద కాలు పెట్టి, మిగతాది చెప్పారు. హెలెన్ వెళ్లిన దగ్గర నుంచీ కాంతం ఒక్క రోజు కూడా ఆఖరు కాలేదు. మిగిలిన వాళ్లను, వాళ్లకు వచ్చేదాకా, సాయంత్రం కూర్చోబెట్టేది ఆవిడే.